ఒక బాతు – 108 ముక్కలు

వరికోతలు ముగిసి వడ్లు కల్లము దాటిన తరువాత మా సదాశివనగర్ చుట్టుపట్ల పొలాలు కొన్నాళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ రోజులలోనే బాతులవాళ్లు వస్తారు. కోస్తా జిల్లాల నుండి లారీలలో వందలకొలది బాతులను తెచ్చి, పెద్ద రోడ్డుకు కొంచెము ఎడముగా డేరా వేసుకొని, పగలంతా వాటిని మడులలో తిప్పుతారు. రాలిన గింజ, నత్త, పురుగు బాతుకు ఆహారము. బాతు రెట్ట పొలానికి ఎరువు. పొద్దుగూకే వేళకు వల కట్టిన దొడ్డిలోనికి తోలి, తెల్లవారి గుడ్లు ఏరుకొంటారు.

మన ఊళ్లవాళ్లు ఆ గుడ్లు కొంటారు గాని బాతును కొనరు. “బాతు కూరనా? నీసు వాసనొస్తది, తోలు లెక్క సాగుతది” అని మొగము తిప్పుకొంటారు. మేమూ చాలా ఏండ్లు అదే మాట అన్నాము. ఈ నెల ఈ పేజీలో ఆ మాటను వెనుకకు తీసుకొంటున్నాము. దానితో పాటు, మా ఇంటి భోజనమును గురించి మేము ఎన్నడూ గమనించని ఒక సంగతిని కూడా మీ ముందు ఒప్పుకొంటున్నాము.

సంగతి ఇలా మొదలైంది. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో గల్ఫుకు పోయినవారు లేని వాడకట్టు అరుదు. మా సంఘములోని ఒక తమ్ముడు దుబాయిలో ఒక హోటలు వంటింట్లో ఏండ్ల తరబడి పనిచేశాడు. అతని పక్క పొయ్యి దగ్గర ఒక చైనా వంటమనిషి ఉండేవాడట. మొన్నటి క్రిస్మసుకు సెలవు మీద వచ్చిన ఈ తమ్ముడు మా ఇంటికి వస్తూ, పొలములో బాతుల మందను చూసి ఆగిపోయాడు. లోపలికి రాగానే, “అన్నా, వదినా, ఇంటి ముందట ఇన్ని బాతులు పెట్టుకొని బాయిలర్ కోడికి కామారెడ్డి దాక పోతున్నరా? చైనాల దీన్ని రాజుల ఇంట్ల తిన్నరట” అన్నాడు. మాకు నవ్వు వచ్చింది. అతడు మాత్రము నవ్వలేదు. చాయ తాగుతూ మొత్తము వివరించాడు. తరువాత మేము చదివి తెలుసుకొన్నది కూడా కలిపి మీకు చెబుతున్నాము.

రాజుల వంటింటి నుండి బజారుకు

చైనా రాజధాని బీజింగుకు పాత పేరు పెకింగు. అందుకే ఈ వంటకమును లోకమంతా ‘పెకింగు బాతు’ అంటుంది. కాల్చిన బాతు చైనాలో చాలా పాతది. 1330లో రాజుగారి వంటింటి కొరకు హు సిహుయ్ అనే వైద్యుడు వ్రాసిన గ్రంథములోనే దాని ప్రస్తావన ఉంది. ఆ తరువాత మింగు వంశపు రాజులు తమ రాజధానిని నాన్జింగు నుండి బీజింగుకు మార్చినప్పుడు బాతు వంట కూడా వారితో ఉత్తరానికి వచ్చిందని చెబుతారు.

అక్కడ రెండు పేరుగల దుకాణాలు ఉన్నాయి. ఒకటి బియన్‌యీఫాంగ్. తమది 1416 నాటిదని దానివారు చెప్పుకొంటారు. రెండవది 1864లో యాంగ్ చ్యుఅన్‌రెన్ అనే ఆయన పెట్టిన చ్యుఅన్‌జూదె. ఆయన మొదట బజారులో కోళ్లు, బాతులు అమ్ముకొనేవాడు. దివాలా తీసిన ఒక ఎండుపండ్ల దుకాణాన్ని కొని, దాని పేరును తిరగవేసి తన దుకాణానికి పెట్టుకొన్నాడట. రాజుగారి వంటింట్లో పని తెలిసినవాణ్ణి పిలిపించి కాల్పించాడు గనుక, కోట లోపలి వంట అలా బజారులోని మనిషికీ అందింది.

ఈ రెండు దుకాణాల పొయ్యిలు వేరు. బియన్‌యీఫాంగ్‌వారిది మూసిన పొయ్యి. లోపల జొన్నచొప్ప వంటిది మండించి, గోడలు బాగా కాగిన తరువాత మంట ఆర్పి, బాతును పెట్టి తలుపు మూస్తారు. గోడల వేడికే అది కాలుతుంది. మన జొన్నచొప్పకు చైనాలో ఇంత గౌరవము ఉన్నదని మాకు అంతవరకు తెలియదు. చ్యుఅన్‌జూదె వారిది తెరిచిన పొయ్యి. రేగు, పియరు వంటి పండ్ల చెట్ల కట్టె మండిస్తూ, బాతును కొక్కెమునకు వేలాడదీసి తిప్పుతారు. పండ్ల చెట్టు కట్టెకు పొగ తక్కువ, వాసన మంచిది.

ఓపిక అసలు మసాలా

ఈ వంటలో మన గరము మసాలా వంటిదేమీ ముఖ్యము కాదు. ముఖ్యమైనది తోలు. అది గాజు పెంకు వలె పలుచగా, కరకరలాడుతూ ఉండాలి. దాని కొరకే పనియంతా.

ఈకలు తీసిన బాతు మెడ దగ్గర నుండి గాలి ఊది, తోలును మాంసము నుండి వేరుచేస్తారు. రెక్క కింద చిన్న గంటు పెట్టి లోపలివన్నీ తీస్తారు. పైన సలసల కాగే నీరు పోస్తారు. తోలు బిగుసుకొంటుంది. మొలకెత్తిన ధాన్యముతో చేసిన తీపి పాకము పూసి, గాలికి వేలాడదీసి, తడి లేకుండ ఆరబెడతారు. దీనికే ఒక రోజు పట్టవచ్చు. కాల్చేముందు కడుపులో వేడి నీరు పోసి మూస్తారు. బయట మంట, లోపల ఆవిరి. తోలు కాలుతుంది, మాంసము ఉడుకుతుంది, ఎండిపోదు. పొయ్యిలో ఉండేది గంటలోపే. ఆ గంట కొరకు ముందు ఒకటి రెండు రోజులు పని జరుగుతుంది.

దీనికి వాడేది తెల్లని, కొవ్వుగల బాతు జాతి. దాన్ని 1873లో అమెరికాకు తీసుకొనిపోయారు. అక్కడ నుండి అది లోకమంతా వ్యాపించింది. మన దేశములో మాంసము కొరకు పెంచే ‘వైట్ పెకిన్’ బాతు ఆ జాతే. మంచి మేత పెడితే 42 రోజులలోనే రెండు కిలోలు దాటుతుంది. బీజింగులో పాతకాలము నుండి ఈ బాతులకు గొంతులో బలవంతముగా మేత కూరి కొవ్వెక్కించే అలవాటు ఉంది. అది మాకు నచ్చలేదు. మన మడులలో నత్తలు ఏరుకొని తిరిగే బాతుకు ఆ బాధ లేదు.

తినే పద్ధతి

మాకు అన్నిటికంటె ఎక్కువగా నచ్చినది ఇది. కాల్చిన బాతును వంటమనిషి భోజనానికి కూర్చున్నవారి ముందుకే తెచ్చి, పదునైన కత్తితో పలుచగా కోస్తాడు. చ్యుఅన్‌జూదె వారి సంప్రదాయములో ఒక బాతుకు 108 ముక్కలు రావాలంటారు. ప్రతి ముక్కలో కొంచెము తోలు, కొంచెము మాంసము ఉండాలి.

మొదట రొమ్ము మీది తోలు ముక్క ఒకటి చక్కెరలో అద్దుకొని తింటారు. తరువాత పలుచని గోధుమ రొట్టె అరచేతిలో పెట్టుకొని, పులియబెట్టిన గోధుమపిండితో చేసిన నల్లని తీపి పచ్చడి రాసి, రెండు మూడు బాతు ముక్కలు, ఉల్లికాడ, కీరదోసకాయ పేళికలు పెట్టి, చుట్ట చుట్టి చేతితోనే తింటారు. కొవ్వు ముక్కకు ఉల్లి ఘాటు, కీర చల్లదనము తోడైతే నోటికి వెగటు కలుగదు. మిగిలిన ఎముకలు తిరిగి వంటింట్లోనికి పోయి, క్యాబేజీ ఆకులతో చారుగా తిరిగి వస్తాయి. పారవేసేది ఏమీ లేదు.

ఈ భోజనమునకు ఒక చరిత్ర కూడా ఉంది. 1971 జూలైలో అమెరికా అధ్యక్షుడు నిక్సను పంపగా హెన్రీ కిస్సింజరు రహస్యముగా పెకింగు వెళ్లాడు. రెండు దేశాలకు ఇరువది ఏండ్లకు పైగా సరియైన మాటలు లేవు. రెండవ రోజు చైనా ప్రధానమంత్రి చౌ ఎన్‌లై చాలా కఠినముగా మాట్లాడి, గది వాతావరణము వేడెక్కినప్పుడు, బాతు చల్లారకముందే భోజనము చేద్దామని మాట ఆపాడు. తిని లేచిన తరువాత మాటల తీరు మెత్తబడింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో నిక్సనే చైనాకు వెళ్లాడు. బాతు వలన సంధి కుదిరిందని మేము అనము. కాని ఒకే పళ్లెములో నుండి తీసుకొని తిన్నవారికి అంతకుముందు వలె కఠినముగా మాట్లాడడము కొంచెము కష్టమే.

మా పొయ్యి మీద

తమ్ముని మాట విని మేము డేరా దగ్గరకు వెళ్లి రెండు బాతులు అడిగాము. బాతులాయన ముందు నమ్మలేదు. “అమ్మా, మీ వైపు గుడ్లే కొంటారు, బాతును ఎవరడుగుతారు?” అన్నాడు. తరువాత తానే మంచివి ఏరి ఇచ్చాడు. “ముక్కు నొక్కి చూడండి. వంగితే లేతది, గట్టిగా ఉంటే ముదురుది. తోక మొదట్లో రెండు గింజల్లాగా ఉంటాయి, అవి కోసి పారేయండి. మీరు చెప్పే వాసన అక్కడిదే” అని నేర్పాడు. ఆ గింజలు బాతు తన ఈకలకు నూనె రాసుకొనే గ్రంథులు. ఇన్నేండ్లు బాతు మీద మేము వేసిన నింద ఆ రెండు గింజలదే.

మొదటిసారి మాకు కుదరలేదని ముందే చెప్పాలి. తొందరపడి సరిగా ఆరబెట్టలేదు. తోలు రబ్బరు వలె సాగింది. పైగా మన మడులలో తిరిగే బాతు గుడ్ల జాతిది. కొవ్వు తక్కువ, కండ గట్టి. దానికి బీజింగు పద్ధతి ఒక్కటే చాలదు. చైనాలోనే సిచువాన్ అనే ప్రాంతములో బాతును ముందు ఆవిరి మీద ఉడికించి, తరువాత నూనెలో కరకరలాడేటట్లు వేయిస్తారు. మేము ఆ రెండు పద్ధతులను కలిపాము. రెండవసారి కుదిరింది. మీరూ చేయాలనుకొంటే ఇలా చేయండి.

ఈకలు తీయడానికి కోడికి పెట్టినదానికంటె వేడి నీటిలో కొంచెము ఎక్కువసేపు ముంచండి. శుభ్రము చేసి, ఉప్పు, అల్లము, కొంచెము మిరియాలపొడి లోపలా బయటా పట్టించి, పెద్ద ఇడ్లీ పాత్రలో గంట సేపు ఆవిరి మీద ఉంచండి. ముదురు బాతైతే గంటన్నర. కింద పాత్రలోనికి కారిన నీటిని, కొవ్వును పారవేయవద్దు. బాతును బట్టతో తుడిచి, రెండు చెంచాల బెల్లము కొంచెము వేడి నీటిలో కరిగించి, నిమ్మరసము పిండి, తోలుకు అంతటా పూయండి. కామారెడ్డి బెల్లము పేరు ఎరుగనివారు మన వైపు ఉండరు గదా. చైనావారి పాకమునకు బదులు మాకు అదే సరిపోయింది. తరువాత మూత లేకుండ ఫ్రిజ్జులో ఒక రాత్రి ఆరనివ్వండి. ఫ్రిజ్జు లేనివారు చలికాలపు ఉదయము ఫ్యాను కింద రెండు గంటలు ఆరబెట్టి అదే పూట కాల్చాలి. ఎండకాలములో బయట వేలాడదీయవద్దు, చెడిపోతుంది.

కాల్చడానికి మందపాటి గిన్నె అడుగున ఇనుప స్టాండు పెట్టి, దాని మీద బాతును ఉంచి, మూత పెట్టి, కింద సన్నని మంట, మూత మీద బొగ్గు నిప్పులు వేయండి. అరగంట తరువాత తిప్పండి. తోలు ఎర్రబడి, వేలితో తట్టితే గట్టిగా మోగాలి. ఇంకా మెత్తగా ఉంటే బాణలిలో ఆ బాతు కొవ్వునే వేడిచేసి గరిటెతో పైన పోయండి.

రొట్టెకు గోధుమపిండిని వేడి నీటితో కలపాలి. రెండు చిన్న ముద్దలకు నడుమ నూనె రాసి ఒకదాని మీద ఒకటి పెట్టి కలిపి వత్తండి. పెనము మీద కాల్చి, వేడిగా ఉండగానే విడదీస్తే రెండు పలుచని రొట్టెలు వస్తాయి. కిలో పిండికి మాకు 50 దాకా వచ్చాయి. నల్ల పచ్చడికి బదులు చింతపండు, బెల్లము, వేయించిన నువ్వుల పొడి, కొంచెము కారము కలిపి చిక్కగా ఉడికించాము.

ఒక జాగ్రత్త. జబ్బుపడిన బాతును, దానంతట అది చచ్చిన బాతును ఎంత చవుకగా ఇచ్చినా తీసుకోవద్దు. తొడ లోపలి వరకు ఉడకాలి, ఎర్రని రసము కారకూడదు. పచ్చి మాంసము కోసిన కత్తిని కడగకుండ ఉల్లికాడలు కోయవద్దు.

తొడ ముక్క ఏది?

ఇప్పుడు ముందే చెప్పిన ఆ సంగతి.

ఆ రోజు మా ఇంట పద్నాలుగు మందిమి. మా ఇంట్లో కోడి వండితే ఒక వరుస ఉంది. తొడలు బాపుకు, వచ్చిన చుట్టానికి. మంచి ముక్కలు మగపిల్లలకు. తరువాత ఆడపిల్లలకు. వండిన అమ్మ చివరకు గిన్నె అడుగున ఉన్న మెడ ముక్క, చారు, రెండు ఉల్లిగడ్డ తునకలు వేసుకొని వంటింటి గడప దగ్గర కూర్చొని తింటుంది. ఎవరూ ఆమెను అలా తినుమని చెప్పలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు.

ఈ బాతును అలా పంచడానికి వీలులేకపోయింది. తమ్ముడు చాప మీద అందరినీ గుండ్రముగా కూర్చోబెట్టి, బాతును నడుమ పెట్టి కోయడము మొదలుపెట్టాడు. 108 ముక్కలు రాలేదు గాని, రెండు బాతులకు కలిపి నూరు దాటినవి. “తోలు చల్లారితే మెత్తబడుతది, అందరు ఒక్కసారే తినాలె. పెద్దమ్మా, నువ్వు గూడ రా” అని వంటింటి వైపు చూసి పిలిచాడు. అమ్మ “మీరు తినుండ్రి బిడ్డా, నేను వెనుక తింట” అన్నది. అతడు కత్తి పక్కన పెట్టి కూర్చొన్నాడు. ఆమె రాక తప్పలేదు.

బాపు పళ్లెము చూసుకొని, “నా తొడ ముక్క ఏది?” అన్నాడు. పిల్లలు నవ్వారు. “దీనికి తొడ ముక్క లేదు పెదబాపూ, అందరికి అన్నీ ఉన్నయ్” అన్నాడు తమ్ముడు. మొదటి తోలు ముక్క చక్కెరలో అద్ది అమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె నమిలింది. కొంచెము సేపు ఏమీ అనలేదు. తరువాత, “నలుపై ఏండ్ల సంది ఈ ఇంట్ల కోళ్లు వండుతున్న. వేడి వేడి ముక్క మొదలు తినుడు నాకు గిదే” అన్నది. ఫిర్యాదు వలె అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నది.

పిల్లలు రొట్టెలు చుట్టుకొంటూనే ఉన్నారు. పెద్దవాళ్లము మాత్రము తల వంచుకొన్నాము. ఆమె ఎప్పుడు తింటుందో, ఏమి తింటుందో మేము ఇన్నేండ్లలో ఒక్కనాడు చూడలేదు. ఇతరుల ఇండ్ల గురించి, కుటుంబ జీవితము గురించి ఈ పేజీలో ఎన్నో మాటలు వ్రాసిన మేము, మా గడప దగ్గర కూర్చొన్న మనిషిని చూడలేదు. బాపు ఏమీ అనలేదు. కాని మరుసటి ఆదివారము కోడి వండినప్పుడు, అమ్మ అలవాటు చొప్పున గరిటె పట్టుకొని నిలబడితే, “గిన్నె ఇక్కడికే తే. నువ్వు గూడ కూసో” అన్నాడు. అంతే. ఆ రోజు నుండి మా ఇంట గిన్నె నడుమకు వస్తున్నది. తొడను కూడా నాలుగు ముక్కలు చేస్తున్నాము.

కాబట్టి ప్రియ పాఠకులారా, పెకింగు బాతును ఎలా ఆస్వాదించాలని ఎవరైనా అడిగితే మేము చెప్పేది ఇది. తోలు వేడిగా ఉండగా తినండి. చిన్నచిన్న ముక్కలు చేయండి. వండినవారు కూర్చొనే వరకు ఎవరూ చేయి పెట్టవద్దు. బాతు దొరకకపోతే కోడితో చేయండి. కోడి లేని రోజున పప్పుతోనైనా చేయవచ్చు. చైనావారి పొయ్యి మనకు లేకపోయినా, ఈ వరుస పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

మిగిలిన ఎముకలను ఆవిరి నీటితో కలిపి, క్యాబేజీ, అల్లము, మిరియాలు వేసి మేము సాయంకాలము చారు కాచాము. ఒక టిఫిను గిన్నె డేరాకు పంపాము. బాతులాయన భార్య గిన్నె కడిగి తిరిగి పంపుతూ అందులో ఆరు గుడ్లు పెట్టింది. ఈ వేళకు వాళ్ల మంద వేరే మండలానికి పోయి ఉంటుంది. మళ్లీ కోతల తరువాత వస్తారు. ఈసారి మీ ఊరి మడిలో దిగితే, గుడ్లతో పాటు ఒక బాతును కూడా అడగండి. ముక్కు నొక్కి చూడడము మరువకండి.